కోళ్లకు కాపలా పెట్టేముందు దొంగెవరో తేల్చుకోండి

పాఠకుల ప్రశ్నలు – పశువైద్యుడి జవాబులు

ప్రశ్న: డాక్టర్‌గారూ, నమస్కారం. నూజివీడు దగ్గర మాకు 3 ఎకరాల మామిడి తోట ఉంది. అందులో 60 దాకా నాటుకోళ్లు పెంచుతున్నాం. ఇల్లు ఊళ్లో, తోట ఊరికి దూరం. మా వారు సాయంత్రం వెళ్లి కోళ్లను గూట్లో వేసి వస్తారు. సంక్రాంతికి పుంజులన్నీ అమ్మేశాం. అప్పట్నుంచీ పగలు కోడిపిల్లలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి, ఈక కూడా దొరకడం లేదు. పోయిన వారం పొద్దున్నే గూడు తీస్తే రెండు పెట్టలు మెడ దగ్గర గాట్లతో చచ్చిపడి ఉన్నాయి. మా మామగారు ముంగిస పనే అంటున్నారు. ఒకరేమో గిన్నీ కోళ్లు పెంచమంటారు, ఇంకొకరు గూస్ బాతులంటారు. మా అబ్బాయి వీడియోల్లో చూసి గాడిదను కొందామంటున్నాడు. రోజూ టెన్షన్‌గా ఉంది. ఏది తెచ్చుకోమంటారు?
– ఓ మహిళా రైతు, ఏలూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒక దొంగ కాదు, ఇద్దరు కనిపిస్తున్నారు. ఒకరు పగలు వస్తున్నారు, ఇంకొకరు రాత్రి. ఈ ఇద్దరికీ కలిపి ఒకే జంతువును కాపలా పెడితే డబ్బు ఖర్చవుతుంది కానీ కోళ్లు మిగలవు. అందుకే ముందు వాళ్లెవరో చూద్దాం.

పగలు పిల్ల మాయమై, ఈక కూడా మిగలలేదంటే గద్దో, డేగో, కాకో ఎత్తుకుపోయినట్టే. వారం లోపు పిల్లలైతే కాకులు కూడా వదలవు. కుక్క పడితే ఇలా ఉండదు. నాలుగైదు కోళ్లను చీల్చి, తినకుండానే వదిలేసి, తోటంతా ఈకలు చిమ్ముతుంది.

గూట్లో చచ్చిన పెట్టల సంగతి వేరు. ముంగిస పగటిపూట తిరిగే జంతువు, చీకటిపడితే బొరియలోకి పోతుంది. సాయంత్రం మూసిన గూట్లో తెల్లారేసరికి కోడి చచ్చిపడి ఉంటే నేను మొదట ముంగిసను అనుమానించను. మామిడి తోట అన్నారు కాబట్టి నా చూపు మానుపిల్లి మీదికి పోతుంది. పునుగుపిల్లికి చుట్టం అది. చెట్లెక్కి తిరుగుతుంది, మామిడిపళ్లంటే ప్రాణం, పళ్లు లేని రోజుల్లో ఎలుకలు, గుడ్లు, కోళ్లు తింటుంది. గూటి పైకప్పు మీదా, తోట గట్టు రాళ్ల మీదా దాని పెంట కోసం వెతకండి. పళ్ల గింజలు అరక్కుండా అలాగే కనిపిస్తాయి. పైకప్పు పెంకు గానీ రేకు గానీ ఎక్కడైనా అరచేయి పట్టేంత లేచి ఉందేమో కూడా చూడండి. ఈసారి కోడి చస్తే వెంటనే పారేయకుండా మెడ మీద ఈకలు తడిపి, వెనక్కి దువ్వి చర్మం చూడండి. కోరల గాట్లు రెండు జతలుగా, లోతుగా ఉంటే పిల్లివో, మానుపిల్లివో, ముంగిసవో అనుకోవచ్చు. గాటేమీ లేకుండా చిన్న పిల్ల తల, భుజాలు తడితడిగా అంటుకుపోయి ఉంటే పాము మింగబోయి వదిలేసినట్టు. నేల తవ్వి ఉండి, పిల్లలను కన్నంలోకి లాగిన జాడ ఉంటే అది పందికొక్కు.

రాత్రి దొంగకు ఏ జంతువూ కాపలా కాదమ్మా. కాపలా అనుకుని మీరు తెచ్చే పక్షి కూడా రాత్రిపూట అదే గూట్లో, ఆ చీకట్లోనే ఉంటుంది. అక్కడ పని చేసేవి తలుపు, జాలీ. పలచటి కోళ్ల జాలీ కోడిని లోపల ఉంచుతుంది గానీ కుక్కను ఆపదు, చించేస్తుంది. అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్ (తీగలు అతికించిన గట్టి ఇనుప జాలీ) వేయించండి. పైకప్పు కింద కూడా వేయించాలి, చాలామంది మరిచిపోయేది అక్కడే. గోడ అడుగున జాలీని ఒక అడుగు భూమిలోకి దించి బయటివైపు వంచితే, తవ్వుకుంటూ వచ్చినదానికి అది అడ్డం తగులుతుంది. పొద్దు గుంకాక కాదు, వెలుతురు ఉండగానే తలుపు పడాలి. ఈ ఖర్చు ముందు పెట్టండి, కాపలా పక్షుల ఖర్చు తర్వాత.

ఇక పగటి దొంగ. ఇక్కడ మీరు రాసిన ఒక మాట నన్ను ఆపింది: సంక్రాంతికి పుంజులన్నీ అమ్మేశామన్నారు. మందకు మొదటి కాపలాదారు పుంజే. పెట్టలు తల వంచి గింజ ఏరుకుంటుంటే పుంజు తల ఎత్తి చూస్తూ ఉంటుంది. పైన గద్ద నీడ కదిలితే ఒక రకంగా అరుస్తుంది, సన్నగా, పొడుగ్గా. ఆ అరుపు వినగానే పెట్టలు పొదల కిందికి దూరి నక్కిపోతాయి. నేల మీద కుక్కో ముంగిసో వస్తే ఆగకుండా కొక్కొక్కొ అంటూ గోల చేస్తుంది. అప్పుడు పెట్టలు తలలెత్తి చుట్టూ చూస్తాయి. ఈ రెండు అరుపులు వేరనీ, కోళ్లు వాటికి తగ్గట్టే స్పందిస్తాయనీ శాస్త్రవేత్తలు పరీక్షించి తేల్చారు. పది పెట్టలకు ఒక పుంజు లెక్కన మీకు ఆరు కావాలి. పండక్కి ఎంత మంచి ధర పలికినా, మందలో కళ్లు చురుగ్గా ఉన్న ఆరింటిని ఇంటికి ఉంచేసుకోండి.

తల్లి కోడిని కూడా తక్కువ చేయకండి. పిల్లలతో ఉన్న నాటు పెట్ట గద్ద మీదికి ఎగరడం మీరూ చూసే ఉంటారు. వనరాజా, గ్రామప్రియ లాంటి సంకర రకాల కోళ్లకు పొదిగే గుణం చాలావరకు ఉండదు. హేచరీ నుంచి తెచ్చిన పిల్లలను తల్లి లేకుండా తోటలోకి వదిలితే కాకులకు అప్పజెప్పినట్టే. నెల రోజులు గంప కిందో జాలీ లోపలో పెంచి, ఆ తర్వాతే వదలాలి.

గిన్నీ కోళ్ల విషయం. మీ తోటకు నేను ఎంచేది వీటినే, ఐదారు చాలు. కొత్త మనిషి, పాము, కుక్క, గద్ద, ఏది కనపడినా ఒకటి మొదలుపెడితే అన్నీ అందుకుంటాయి. అవి పోట్లాడవు, అరుస్తాయంతే. తోటలో మనిషి లేకపోయినా ఆ అరుపుకు మీ కోళ్లు దాక్కుంటాయి, దానికే వాటి విలువ. చెట్ల కింద చెదలు, పురుగులు, పిడుదులు ఏరి తింటాయి కూడా. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ కాదంబరి, చితంబరి, శ్వేతాంబరి అనే రకాలు ఇచ్చింది. శ్వేతాంబరి తెల్లది, ఆరుబయట ఆ తెలుపు గద్ద కంట తొందరగా పడుతుంది. మీకు చుక్కల కాదంబరి మేలు.

అయితే పెద్ద గిన్నీలను కొని తెచ్చి వదలకండి, ఎగిరిపోతాయి. గుడ్లు తెచ్చుకోండి. గిన్నీ గుడ్డు పిల్ల కావడానికి 26 నుంచి 28 రోజులు, కోడిగుడ్డుకు 21. పొదుగు మీదున్న నాటు పెట్ట కింద ముందు గిన్నీ గుడ్లు పెట్టి, ఆరేడు రోజులకు నాలుగు కోడిగుడ్లు కలపండి. అన్నీ దాదాపు ఒకేసారి పగులుతాయి. అలా ఒక తల్లి వెనక పెరిగిన గిన్నీ సాయంత్రం ఆ తల్లితోనే గూట్లోకి వస్తుంది. అలవాటు చేయకపోతే చెట్టెక్కి పడుకుంటుంది, అక్కడ గుడ్లగూబకో మీ మానుపిల్లికో దొరుకుతుంది. ఒక జాగ్రత్త: గిన్నీ పిల్లలకు తడి పడదు. పొద్దున్నే మంచు ఆరని గడ్డిలోకి వదిలితే చనిపోతాయి.

గూస్ బాతులు అరవడమే కాదు, ఎదురు తిరుగుతాయి. మెడ నేలకు చాచి, బుస కొడుతూ, రెక్కలు విప్పి పైకొస్తాయి. తల పక్కకి వంచి ఒక కన్ను ఆకాశానికి పెట్టి అలాగే నిలబడిపోయిందంటే పైన ఏదో తిరుగుతోందన్నమాటే. కాకిని, ముంగిసను, పిల్లిని బెదరగొట్టగలవు. ఊరకుక్కలు గుంపుగా వస్తే మాత్రం వాటి చావు వాటికే. కోళ్లతో కలిసిపోవాలంటే ఒకటే ఉండాలి, పిల్లప్పట్నుంచీ కోడిపిల్లలతో పెరగాలి. రెండు మూడుంటే వాటి లోకం వాటిదే. కానీ మీకు నేను వాటిని చెప్పకపోవడానికి అసలు కారణం వేరే ఉంది. బాతు జాతి పక్షులు పైకి ఆరోగ్యంగా ఉంటూనే బర్డ్ ఫ్లూ వైరస్‌ను మోయగలవు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో ఆ జబ్బు కోళ్లను ఎలా ఊడ్చేసిందో మనం చూశాం. కాలవల వెంట, చెరువుల వెంట తిరిగొచ్చే బాతు మీ కోళ్లు తాగే తొట్టిలోనే ముక్కు పెడుతుంది. తప్పదనుకుంటే బయటి నీళ్లకు పోనివ్వకండి, నీటి తొట్టి వేరే పెట్టండి. టర్కీల గురించి ఎవరైనా చెబితే వద్దనండి. కోడికి పెద్దగా హాని చేయని ఒక పేగు జబ్బు కోళ్ల నుంచి అంటుకుని టర్కీలను చంపేస్తుంది.

గాడిద సంగతి మీ అబ్బాయి చూసింది నిజమే. అమెరికాలో గొర్రెల మందల్లోకి కయోటీలు (తోడేలు లాంటి జంతువులు), కుక్కలు రాకుండా గాడిదలను పెడతారు, కుక్క జాతి అంటే దానికి పడదు కాబట్టి. మీ దొంగలు గద్ద, మానుపిల్లి. గద్దతో గాడిదకు పనిలేదు, మానుపిల్లి చెట్టు మీద నుంచి దిగుతుంది. వద్దు.

కుక్క గొప్ప కాపలాయే. కానీ తోటలో రాత్రి మనిషి ఉండని చోట, గొలుసుకు కట్టేసి వదిలిన కుక్కను నేను ఒప్పుకోను. అది దానికీ బాధ, కోళ్లకూ లాభం లేదు. ఎప్పుడైనా తోటలో కాపురం ఉండే కుటుంబం దొరికితే అప్పుడు ఆలోచించండి.

ఇంకో మాట. మీ తోటలో తోక చీలిన నల్లటి పిట్ట, ఏట్రింత, గూడు పెడితే ఆ కొమ్మ కొట్టించకండి. గూట్లో పిల్లలున్నన్నాళ్లూ ఆ చుట్టుపక్కలకి కాకిని, గద్దను రానివ్వదు. వెంటపడి వీపు మీద పొడిచి మరీ తరుముతుంది. పిల్లలున్న పెట్టను ఆ చెట్టు కింద తిప్పండి.

ప్రశ్న: మాది కైకలూరు వైపు. కోళ్లకు, బాతులకు కాపలాగా ఉంటుందని జోనంగి కుక్కపిల్లను తెచ్చాం. నాలుగు నెలలది. కోళ్లను తరుముతోంది, మొన్న ఒక పిల్లను చంపింది. చచ్చిన కోడిని మెడకు కడితే బుద్ధొస్తుందంటున్నారు. నిజమేనా?
– ఓ యువ రైతు

జవాబు: బాబూ, ఆ పని దయచేసి చేయకు. కుళ్లిన కోడిని మెడకు కడితే కుక్కకు ఏమీ అర్థం కాదు, జబ్బు అంటుకుంటుంది. నీ దగ్గరున్నది మన జాతి కుక్క. కొల్లేరు చుట్టూ, కోతలయ్యాక పొలాల వెంట బాతుల మందలను తోలేవాళ్లతో తిరిగింది ఈ జోనంగే. చేపల చెరువులు వచ్చాక ఆ పని తగ్గి చాలా కుక్కలు దిక్కులేనివయ్యాయి. దాన్ని తెచ్చుకున్నందుకు నాకు సంతోషంగా ఉంది. అది తరమడం కసితో కాదు, మందను అదిలించడం దాని రక్తంలో ఉంది. ఆ గుణాన్ని చంపకూడదు, హద్దులో పెట్టాలి.

రోజూ కోళ్లకు మేత వేసేటప్పుడు దాన్ని పొడుగాటి తాడుతో నీ పక్కన కూర్చోబెట్టు. కోళ్లు ముందు నుంచి నడుస్తున్నా కదలకుండా ఉంటే వెంటనే ఎండుచేప ముక్క పెట్టు. లేవబోతే తాడు బిగించి ఒకే మాట అను, ప్రతిసారీ అదే మాట. కొట్టకు. పిల్లలున్న గట్టి పెట్ట దగ్గరికి తాడుతోనే తీసుకెళ్లు, ముక్కు మీద ఒక పోటు తగిలితే అది నేర్చుకునేది ఎక్కువ. ఏడాదిన్నర నిండేదాకా మందతో ఒంటరిగా వదలకు. చచ్చిన కోళ్లు, పచ్చి పేగులు, పగిలిన గుడ్లు దానికి ఎప్పుడూ వేయొద్దు, రుచి మరిగితే మాన్పించడం కష్టం. రేబిస్ టీకా వేయించావో లేదో రాయలేదు. మూడో నెల దాటింది కాబట్టి ఈ వారమే వేయించు, నట్టల మందు కూడా పట్టించు.

ప్రశ్న: ముంగిసలు పట్టపగలే కోళ్లను చంపుతున్నాయి. బోను పెట్టొచ్చా? పురుగుమందు గుళికలు కలిపిన ఎర పెట్టమని కొందరంటున్నారు.
– ఓ పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: రెండూ వద్దు. ముంగిస 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. పట్టినా, చంపినా కేసవుతుంది. విషం ఎర ముంగిసతో ఆగదు. మీ కుక్క, మీ కోళ్లు, పక్కింటి పిల్లి, చచ్చినదాన్ని తిన్న గద్ద, అన్నీ పోతాయి. చుట్టూ కరెంటు తీగ లాగమని ఎవరైనా చెబితే అసలు వినకండి, మనుషులు చనిపోతారు.

గూటికి ముప్ఫై అడుగుల దూరం వరకు కంప, రాళ్ల కుప్పలు, పాత గడ్డివాము అడుగు తీసేయండి. ముంగిస మాటు లేకుండా ఆరుబయలు దాటి రావడానికి జంకుతుంది. మిగిలిన మేత, పగిలిన గుడ్లు రాత్రి ఉంచకండి. వాటికి పందికొక్కులు వస్తాయి, వాటి వెనక ముంగిస వస్తుంది. రోజూ ఒకే వేళకు వస్తుంటే వారం పాటు ఆ వేళ దాటాకే కోళ్లను వదలండి. మీ ఇల్లు గూడు పక్కనే ఉండి, కోళ్లకు అలవాటుపడిన ఊరకుక్క ఒకటి ఉంటే అది చాలు, కొత్తగా ఏదీ కొననక్కర్లేదు.

ఎప్పుడైనా ముంగిస గూట్లో చిక్కుకుపోతే కర్రలతో చుట్టుముట్టకండి, కరుస్తుంది. తలుపు బార్లా తీసి, ఇంట్లో చిన్నపిల్లలను దూరంగా పంపి, పక్కకు తప్పుకోండి. దానంతట అదే బయటికి పోతుంది. మనిషిని కరిస్తే మాత్రం గాయాన్ని సబ్బు, ధారగా పారే నీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోండి.