సంఘ పెద్దగారూ, ముందు గడువు లెక్కపెట్టండి

ప్రశ్న: మాది ప్రెస్బిటేరియన్ సంఘం. నాలుగేళ్లుగా సంఘ పెద్దగా ఉన్నాను. సంఘాన్ని పాలించే పెద్దల సభ అయిన సెషన్‌లో పాస్టరు గారు కాక మేం తొమ్మిదిమందిమి. ఒక ఆదివారం రాత్రి పాస్టరు గారి ఇంట్లో నలుగురు పెద్దలు కూర్చుని, మందిరం పక్కనున్న సండే స్కూల్ భవనాన్ని ఒక ప్రైవేటు సంస్థకు పదేళ్ల లీజుకు ఇచ్చేద్దామని తేల్చేశారు. మిగతావాళ్లను వాట్సాప్ గ్రూపులో అడిగారు. 24 రోజుల తర్వాత జరిగిన మామూలు సెషన్ మీటింగులో ‘గత నిర్ణయాన్ని ఖాయం చేయడమైనది’ అని మినిట్స్ రాశారు. నేను ‘ఈ పదవీ వద్దు, మీ మీటింగులూ వద్దు’ అని లేచి వచ్చేశాను. అది జరిగి 47 రోజులైంది. మా నాన్నగారు ఆ భవనానికి ఇటుకలు మోశారు. పాస్టరు గారు నన్ను ప్రసంగంలోనే దెప్పిపొడిచారు. 60 మంది చేత సంతకాలు పెట్టించి, మనమే సంఘ సమావేశం పెట్టుకుని, పాస్టరు గారిని తీసేసి, బ్యాంకు ఖాతా మార్చి, భవనానికి మన తాళం వేద్దామని స్నేహితులు అంటున్నారు. నేరుగా కోర్టుకెళ్లి స్టే తెచ్చుకోవచ్చా? – ఒక సంఘ పెద్ద

జవాబు: మీ ఉత్తరం ఆరు పేజీలు, పైన ఉన్నది దాని సారాంశమే. నాలుగు పేజీలు పాస్టరు గారి మాటతీరు మీద, ఒక పేజీ నాన్నగారి మీద రాశారు. మీ కేసు నిలబడేదీ పడిపోయేదీ మాత్రం ఒక్క వాక్యం మీద: ‘అది జరిగి 47 రోజులైంది.’ దాన్ని మీరు చివర్లో, దారిన పోతూ చెప్పినట్టు రాశారు.

ఇంకో ముఖ్యమైన సంగతి అసలు రాయనే లేదు. మీ సంఘం ఏ డినామినేషన్‌లో, అంటే ఏ చర్చి శాఖలో ఉంది? ప్రెస్బిటేరియన్ అనే పేరుతో చాలా డినామినేషన్లు ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో క్రమ గ్రంథం (పాలన నియమాల పుస్తకం), ఒక్కో గడువు. నాలుగేళ్లు పెద్దగా ఉన్నవారు, ఆ గ్రంథంలో ఉన్న పరిపాలనకు లోబడతానని అభిషేకం రోజున ప్రమాణం చేసినవారు, వివాదం వచ్చాక కూడా దాన్ని తెరిచి చూడకపోవడం తప్పు. ఈ మాట కటువుగా ఉన్నా అనక తప్పదు.

ప్రెస్బిటేరియన్ చర్చ్ ఇన్ అమెరికా అయితే సెషన్ చర్య మీద ఫిర్యాదుకు ఆ మీటింగు నుంచి 60 రోజులే గడువు. ముందు ఆ సెషన్‌కే, దాని రికార్డులు చూసే క్లర్కు చేతికి ఇవ్వాలి. వాళ్లు తోసిపుచ్చితే ఆ సంగతి తెలిపిన 30 రోజుల్లో ప్రెస్బిటరీకి, అంటే ఆ ప్రాంత సంఘాలన్నిటి మీదున్న పైసభకు వెళ్లాలి. ఆర్థొడాక్స్ ప్రెస్బిటేరియన్ చర్చ్ అయితే తప్పు చేసిన సెషన్ ముందే మూడు నెలల్లో పెట్టాలి. మీది ఇవి రెండూ కాకపోవచ్చు. మీ గ్రంథంలో ‘ఫిర్యాదులు’ అన్న అధ్యాయం తీసి, గడువు ఎంతో ఈ రోజే చూడండి. 60 రోజులే అయితే మీకు మిగిలింది 13. ఇది చదివేసరికి అందులోనూ కొన్ని పోయి ఉంటాయి.

ఇక ఆదివారం రాత్రి సంగతి. దొంగచాటుగా తేల్చేశారని మూడుచోట్ల రాశారు. మీ కోపం నిజమే కానీ, ఆ మాటతోనే మీకు మీరు గొయ్యి తవ్వుకుంటున్నారు. ఎలాగో చూడండి.

ప్రెస్బిటేరియన్ పాలనకు పునాది ఒకటే సూత్రం. పెద్దకు ఒంటరిగా పాలనాధికారం లేదు. పాస్టరుకూ లేదు. పద్ధతి ప్రకారం పిలిచిన మీటింగులో, కోరంతో (కావాల్సిన కనీస హాజరుతో), మోడరేటర్ అధ్యక్షతన కూడినప్పుడు ఆ సభకు మాత్రమే అధికారం. నలుగురు పెద్దలు పాస్టరు గారి ఇంట్లో టీ తాగుతూ మాట్లాడుకుంటే అది నలుగురి అభిప్రాయం, అంతవరకే. వాట్సాప్‌లో వచ్చిన ‘ఓకే’లన్నీ కలిపినా సెషన్ తీర్మానం కాదు. కాబట్టి మీ ఫిర్యాదులో ‘ఆ రాత్రే నిర్ణయం చేసేశారు’ అని రాశారనుకోండి, అవతలివాళ్లు వెంటనే పట్టుకుంటారు: ‘అలాగైతే గడువు ఆ రాత్రి నుంచే మొదలు. 47కు 24 కలిపితే 71 రోజులు. 60 దాటిపోయింది, ఫిర్యాదు చెల్లదు.’ అందుకని మీరు రాయాల్సింది దీనికి సరిగ్గా తిరగేసి. ఆ రాత్రి సెషన్ ఏ నిర్ణయమూ చేయలేదు, చేసే అధికారం అక్కడ ఎవరికీ లేదు, సెషన్ మొదటిసారి ఈ లీజు మీద చర్య తీసుకున్నది మామూలు మీటింగులోనే. గడువు అక్కడి నుంచే లెక్క.

‘తొమ్మిదిమందిలో నలుగురే ఉన్నారు’ అన్న వాదన మీద కూడా ఆశలు పెట్టుకోకండి. ప్రెస్బిటేరియన్ చర్చ్ ఇన్ అమెరికాలో ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది పెద్దలున్న సెషన్‌కు పాస్టరు, ఇద్దరు పెద్దలు ఉంటే కోరం చాలు. ఆ రాత్రి లోటు మనుషుల లెక్కలో లేదు. అది పిలిచిన మీటింగే కాదు. ఆ లోటు కూడా తర్వాతి మీటింగులో ‘ఖాయం’ చేయడంతో చాలావరకు పూడిపోయింది.

మరి మీకు బలం ఎక్కడుంది? ఆస్తి దగ్గర. సెషన్ ఏ పనైనా చేయొచ్చని చాలామంది పెద్దలు అనుకుంటారు, ఇది నేను పదేపదే చూసే పొరపాటు. ప్రెస్బిటేరియన్ చర్చ్ యూఎస్ఏ క్రమ గ్రంథం ప్రకారం ఆరాధనకు వాడే స్థలాన్ని లీజుకు ఇవ్వాలన్నా, ఇతర స్థిరాస్తిని ఐదేళ్లకు మించి లీజుకు ఇవ్వాలన్నా ప్రెస్బిటరీ రాతపూర్వక అనుమతి కావాలి. పదేళ్ల లీజు దాని కింద నేరుగా వస్తుంది. అక్కడ సంఘం ఆస్తి మొత్తం డినామినేషన్ కోసం ట్రస్టులో ఉన్నట్టు లెక్క. అదే ప్రెస్బిటేరియన్ చర్చ్ ఇన్ అమెరికాలో ఆస్తి స్థానిక సంఘానిదే, పైసభకు దాని మీద హక్కు లేదు. అక్కడ ‘ప్రెస్బిటరీ అనుమతి లేదు’ అన్న మాట పనిచేయదు. సంఘ నియమావళిలో, రిజిస్ట్రేషన్ పత్రాల్లో ఆస్తి గురించి సంఘ సమావేశం ఓటు కావాలని ఉందా, సంతకం చేసే అధికారం ట్రస్టీలదా అన్నది చూసుకోవాలి. డినామినేషన్ పేరు అడిగింది ఇందుకే. ఒకేలా కనిపించే రెండు కేసుల్లో ఒకటి గెలుస్తుంది, ఇంకొకటి ఓడిపోతుంది.

ఇప్పుడు మీ స్నేహితుల సలహా. దాని జోలికి వెళ్లకండి. 60 సంతకాలు సేకరించడం తప్పు కాదు. వాటిని సెషన్‌కు ఇచ్చి సంఘ సమావేశం పిలవమని కోరవచ్చు, ఎంతమంది కోరితే సెషన్ పిలిచి తీరాలో చాలా క్రమ గ్రంథాల్లో లెక్క ఉంటుంది. తప్పు ఎక్కడంటే, ‘మనమే సమావేశం పెట్టుకుందాం’ అనడంలో. సెషన్ గానీ పైసభ గానీ పిలవని సమావేశం ఆదివారం భోజనానికి కూడినవాళ్ల గుంపుతో సమానం, దాని తీర్మానానికి కాగితం విలువ కూడా ఉండదు. పైగా పాస్టరును తీసే అధికారం సంఘానికి ఒక్కదానికే లేదు. సంఘం కోరవచ్చు, ఆ బంధాన్ని తెంచేది ప్రెస్బిటరీ. అలాంటి కాగితం పట్టుకుని బ్యాంకుకు వెళ్లి సంతకాలు మార్పిస్తే, భవనానికి తాళం వేస్తే, ఇప్పటిదాకా ఫిర్యాది అయిన మీరు ఆ రోజు నుంచి ముద్దాయి. సంఘ క్రమశిక్షణ చర్య ఒక పక్క, డబ్బు విషయంలో పోలీసు ఫిర్యాదు ఇంకో పక్క.

‘సంఘమంతా మా వైపే’ అన్నారు. 1904లో స్కాట్లాండ్‌లో ఏం జరిగిందో చెప్తాను. 1900లో ఫ్రీ చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్‌లో అత్యధికులు ఇంకో ప్రెస్బిటేరియన్ చర్చితో కలిసిపోయారు. కొద్దిమంది మాత్రం కలవలేదు. ఆస్తి ఎవరిదన్న కేసు అప్పట్లో బ్రిటన్‌లో చివరి అప్పీలు కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. మందిరాలు, కాలేజీలు, నిధులు అన్నీ ఆ కొద్దిమందివే అని తీర్పు వచ్చింది, ఎందుకంటే ఆ ఆస్తి ఏ సిద్ధాంతాల కోసం ఇచ్చారో వాటిని పట్టుకుని నిలబడ్డది వాళ్లే అన్నారు. అంత ఆస్తిని ఆ చిన్న గుంపు నడపలేని పరిస్థితి వచ్చి, 1905లో పార్లమెంటు చట్టం చేసి పంచాల్సి వచ్చింది. తలలు లెక్కపెట్టి ఆస్తి ఇవ్వరు.

స్టే కోసం నేరుగా కోర్టుకు వెళ్లొచ్చా అన్నారు. అమెరికా సుప్రీం కోర్టు 1872లో ఒక ప్రెస్బిటేరియన్ సంఘం కేసులోనే చెప్పింది: డినామినేషన్ పైసభలు తేల్చిన మత విషయాలను సివిల్ కోర్టు మళ్లీ తిరగదోడదు. 1979లో ఇంకో ప్రెస్బిటేరియన్ సంఘం కేసు వచ్చింది. ఆ సంఘం 164–94 ఓట్లతో డినామినేషన్ నుంచి విడిపోయింది. సిద్ధాంతాల జోలికి వెళ్లకుండా దస్తావేజులు, రిజిస్ట్రేషన్ పత్రాలు, క్రమ గ్రంథంలోని ఆస్తి నియమాలు చదివి ఆస్తి ఎవరిదో రాష్ట్ర కోర్టులు తేల్చవచ్చని అప్పుడు చెప్పారు. రెండు తీర్పుల్లో ఏ దారి పట్టినా మీకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే. ‘మీ సంఘంలోనే దీనికి దారి ఉంది కదా, అక్కడికి వెళ్లారా?’ లేదంటే చాలాచోట్ల తిప్పి పంపిస్తారు. ఈలోపు ఇక్కడి 60 రోజులూ అయిపోతాయి, రెండు తలుపులూ మూసుకుంటాయి.

కోపంతో లేచి వచ్చేయడం వల్ల మీకు జరిగిన నష్టం కూడా చెప్పాలి. మీటింగులో కూర్చుని ‘నా అసమ్మతి రాయండి’ అని ఉంటే అది మినిట్స్‌లో మీ పేరుతో ఉండేది. అసమ్మతి ఆ మీటింగు ముగిసేలోపే చెప్పాలని చాలా గ్రంథాల్లో ఉంటుంది. ఇప్పుడు ఆ అవకాశం పోయింది. ఫిర్యాదు హక్కు పోలేదు, అది సభ్యులందరికీ ఉంటుంది. ‘పదవీ వద్దు’ అన్న మాటను క్లర్కు రాజీనామాగా రాసుకున్నారేమో ముందు కనుక్కోండి. కొన్ని క్రమ గ్రంథాల్లో సెషన్ ఒప్పుకుంటేనే పెద్ద రాజీనామా చెల్లుతుంది. రాజీనామా చేయలేదని ఇవాళే రాతలో ఇవ్వండి.

ఇంకొకటి. మీరు పంపిన వాట్సాప్ స్క్రీన్‌షాట్‌లో పై భాగం కత్తిరించారు. పూర్తి చాట్ అడిగి తెప్పించుకుని చూశాను. ఆ ఆదివారం రాత్రి 9:40కి మీరు ‘సరే, మీ ఇష్టం’ అని పెట్టారు. అది విసుగుతో అన్నమాటని నాకు తెలుసు, మన మాటల్లో ‘మీ ఇష్టం’ అంటే చాలాసార్లు ‘నాకు ఇష్టం లేదు’ అనే. కాగితం మీద చదివేవాళ్లకు అది ఒప్పుకోలులా కనిపిస్తుంది. దాచకండి. దాచి దొరికితే మీ మిగతా సాక్ష్యం మొత్తం అనుమానంలో పడుతుంది. ఫిర్యాదులో మీరే ముందు చెప్పండి: అది మీటింగు కాదు, అక్కడ పెట్టిన మాట ఓటు కాదు, నాది కాదు, మిగతావాళ్లదీ కాదు.

ఇప్పుడు చేయాల్సింది. రేపు ఉదయమే సెషన్ క్లర్కును కలిసి మీటింగు నోటీసు, ఆ రోజు మినిట్స్, లీజు పత్రం కాపీలు కావాలని రాతలో అడగండి. లీజు మీద సంతకాలు అయ్యాయా, అయితే ఏ తేదీన, ఎవరు చేశారన్నది అన్నిటికంటే ముందు తెలియాలి. ఆ సంస్థ లోపలికి వచ్చి డబ్బు ఖర్చు పెట్టడం మొదలుపెడితే వాళ్ల హక్కులు కూడా లెక్కలోకి వస్తాయి. ఆ సంస్థకు సంఘం పేరుతో మీరు ఉత్తరం రాయకండి, ఆ అధికారం మీకు లేదు. భవనం దస్తావేజు కాపీ రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి విడిగా తెచ్చుకోండి.

కాపీలు రాకపోయినా ఆగకండి. ఫిర్యాదు ఒక పేజీ చాలు. ఫలానా తేదీ మీటింగులో ఫలానా తీర్మానం చేశారు, క్రమ గ్రంథంలో ఫలానా నిబంధనకు అది విరుద్ధం, దాన్ని రద్దు చేయాలి, తేలేవరకు లీజు అమలు ఆపాలి. పాస్టరు గారి ప్రసంగం ఊసు అందులో రానివ్వకండి, అది వేరే సంగతి, కలిపితే వ్యక్తిగత కక్ష అంటారు. నాన్నగారి ఇటుకలూ అక్కర్లేదు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద క్లర్కు చేత తేదీ, సంతకం వేయించుకోండి. తీసుకోనంటే అదే రోజు ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపి, ఒక కాపీ ప్రెస్బిటరీ క్లర్కుకు పెట్టండి. ఏటా సెషన్ మినిట్స్ పుస్తకాన్ని ప్రెస్బిటరీ తనిఖీ చేస్తుంది కాబట్టి ఆ లీజు తీర్మానం ఎలాగూ వాళ్ల కళ్ల ముందుకు వస్తుంది. సెషన్ ఫిర్యాదు తోసిపుచ్చితే, ఆ ఉత్తరం కవరు మీద తేదీ ముద్ర చెడకుండా దాచి, తర్వాతి గడువు లెక్కపెట్టుకుని నాకు రాయండి. ఈసారి డినామినేషన్ పేరు మొదటి వరుసలో రాయండి.