క్రోనో బల్ల దగ్గర్నుంచి: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో ప్రాక్టికల్ షూటింగ్ గురించి రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. ఆ సంచిక చూడనివారి కోసం ఒక్క మాట. ఇది ఒకచోట నిలబడి ఒకే టార్గెట్‌ను కొట్టే ఆట కాదు. టైమర్ బీప్ మనగానే కదిలి, పరిగెత్తుతూ, గోడల చాటు నుంచి కాల్చాలి. వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తే అదే మీ హిట్ ఫ్యాక్టర్. దీని అంతర్జాతీయ సంస్థ ఐపీఎస్‌సీ 1976లో మిస్సోరీ రాష్ట్రంలోని కొలంబియాలో పుట్టింది. అమెరికాలో దాని శాఖ యూఎస్‌పీఎస్‌ఏ. నేను టెక్సస్‌లో మ్యాచ్‌లు ఆడతాను. ఆడనప్పుడు క్రోనో బల్ల దగ్గర, అంటే తూటాలనూ తుపాకులనూ తనిఖీ చేసే చోట, వాలంటీర్‌గా కూర్చుంటాను. అందుకే ఈసారి సామాను గురించి అడిగిన ప్రశ్నలే తీసుకున్నాను.

అక్కా, రెడ్ డాట్ (గురికి ఎర్ర చుక్క చూపే అద్దం) ఉన్న 9 ఎమ్ఎమ్ పిస్టల్ కొన్నాను. అలాంటి పిస్టళ్ల డివిజన్ క్యారీ ఆప్టిక్స్‌లో ఆడాలని ఉంది. మ్యాచ్‌కి వెళ్లే ముందు ఏం చూసుకోవాలి? (ఫ్రిస్కో, టెక్సస్)

తమ్ముడూ, ముందు మీ మోడల్ యూఎస్‌పీఎస్‌ఏ ఆమోదించిన జాబితాలో ఉందో లేదో చూడండి. డాట్ స్లైడ్ మీదే, అంటే కాల్చినప్పుడు ముందుకీ వెనక్కీ కదిలే పై భాగం మీదే, ఉండాలి. ఫ్రేమ్‌కి బిగించిన డాట్ ఈ డివిజన్‌లో కుదరదు. తూటాలు నింపే మ్యాగజైన్‌ను ఖాళీగా పెట్టి తూచితే పిస్టల్ 59 ఔన్సులు, అంటే సుమారు 1,670 గ్రాములు, దాటకూడదు.

ఎక్కువమంది దొరికిపోయేది మ్యాగజైన్ పొడవు దగ్గర. హద్దు 141.25 మిల్లీమీటర్లు. మా బల్ల మీద ఒక గేజు ఉంటుంది, మ్యాగజైన్ అందులో పట్టాలి. కొన్నప్పుడు సరిగ్గా పట్టిన మ్యాగజైనే, రీలోడ్‌లో పదిసార్లు కంకర మీద పడ్డాక, అడుగున ఉండే బేస్‌ప్యాడ్ కొంచెం జారి గేజులో ఇరుక్కుంటుంది. ఒక్క మ్యాగజైన్ పట్టకపోయినా మిమ్మల్ని ఓపెన్ డివిజన్‌లోకి మారుస్తారు. అక్కడ 171.25 మిల్లీమీటర్ల మ్యాగజైన్లు, కిక్ తగ్గించే కాంపెన్సేటర్లు ఉన్నవాళ్లతో మీ మామూలు పిస్టల్ పోటీ పడాలి. కాబట్టి ప్రతి మ్యాచ్ ముందు రాత్రి మ్యాగజైన్లన్నీ బయటికి తీసి కొలవండి.

ఇంకొకటి, మీరు అడక్కపోయినా చెబుతాను. మిగిలిన డబ్బు ట్రిగ్గర్ మార్పించడానికి కాదు, బెల్టుకి పెట్టండి. జీన్స్ ప్యాంటు బెల్టుకి హోల్‌స్టర్ తగిలించుకుని వచ్చేవాళ్లను నెలకి ఇద్దరినైనా చూస్తాను. పిస్టల్ లాగితే హోల్‌స్టర్ కూడా నాలుగు వేళ్లు పైకి లేస్తుంది, బెల్టు మెలి తిరుగుతుంది, చెయ్యి ఎక్కడుందో తెలియదు. ఒకటి లోపల, ఒకటి బయట వేసుకునే గట్టి పోటీ బెల్టు, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే హోల్‌స్టర్, నాలుగు మ్యాగజైన్ పౌచ్‌లు. మొదటి ఏడాదికి ఇవి చాలు.

మేడమ్, సొంతంగా తూటాలు తయారు చేసుకుంటాను. పెద్ద మ్యాచ్‌లో క్రోనో దగ్గర ఫెయిలైతే ఏమవుతుంది? నిజంగా అంత కచ్చితంగా చూస్తారా? (షార్లెట్, నార్త్ కరోలినా)

చూస్తారండీ. నేనూ చూస్తాను.

మా నాన్న తెనాలిలో బంగారం కొట్లో గుమాస్తా. తక్కెడ అద్దాల పెట్టెలో ఉండేది. ఫ్యాను ఆపాకే తూచేవారు. మా బల్ల మీద త్రాసు పెట్టినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. 124 గ్రెయిన్ల బుల్లెట్ బరువు ఎనిమిది గ్రాములు, సరిగ్గా కాసు బంగారమంత. మీ దగ్గర ఎనిమిది తూటాలు తీసుకుంటాం. ఒకదాన్ని ప్లాస్టిక్ సుత్తిలాంటి పుల్లర్‌లో పెట్టి కొడితే బుల్లెట్ ఊడి వస్తుంది. తుపాకి మందు దులిపి బుల్లెట్‌ను తూస్తాం. మూడింటిని మీ పిస్టల్‌తోనే కాల్చి వేగం కొలుస్తాం. బరువును గ్రెయిన్లలో, సగటు వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని, రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే పవర్ ఫ్యాక్టర్. తక్కువ బలం స్థాయి మైనర్‌కి 125 ఉండాలి, ఎక్కువ బలం స్థాయి మేజర్‌కి 165. చాలకపోతే మరో మూడు కాల్చి, ఆరింటిలో ఎక్కువ వేగం వచ్చిన మూడు తీసుకుంటాం. అప్పటికీ రాకపోతే ఎనిమిదో తూటాను కాల్చాలా, తూచాలా అనేది మీ ఇష్టం.

ఇందులో దయకి చోటు లేదని నాకు అనుభవంలో తెలిసింది. నా మొదటి పెద్ద మ్యాచ్‌కి ఆగస్టు ఎండలో పరీక్షించుకున్న తూటాలు జనవరి పొద్దున తీసుకెళ్లాను. చలికి వేగం పడిపోయింది. ఆరింటిలో మంచి మూడింటి సగటు 1,006. బుల్లెట్ 123.8 గ్రెయిన్లు. లెక్క 124.54. ఎనిమిదోది తూయమన్నాను. 124.1 వచ్చింది. లెక్క 124.84. క్రోనో ఆఫీసర్ కాగితం నా వైపు తిప్పి చూపించారు, నేను సంతకం పెట్టాను. మైనర్ కూడా అందకపోతే మ్యాచ్ అంతా ఆడొచ్చు, కానీ స్కోరు ఉండదు. నాలుగు గంటలు కారు నడుపుకుని వెళ్లి, రెండు రోజులు ఆడి, నా పేరు పక్కన సున్నాతో తిరిగొచ్చాను. ఆ తర్వాతి నెలే ఈ బల్ల దగ్గర కూర్చుంటానని అడిగాను.

మేజర్ అని రాయించుకుని 165 రాకపోతే మాత్రం స్కోరు పోదు, మైనర్‌గా లెక్కిస్తారు. దానికీ నష్టం ఉంది. టార్గెట్ మీద మధ్యలో ఏ, దాని చుట్టూ సీ, అంచున డీ జోన్లు ఉంటాయి. మేజర్‌లో సీ జోన్‌కి 4 పాయింట్లు, డీకి 2. మైనర్‌లో 3, 1. ‘ఏ’ జోన్‌కి మాత్రం ఎవరికైనా 5.

మీకు నా సలహా: 125 దగ్గర ఆగకండి, 130 దాటించండి. 124 గ్రెయిన్లకు 1,050 అడుగులు వస్తే 130.2. చేతికి తెలిసే కిక్‌లో తేడా చాలా తక్కువ, మనసుకి మాత్రం టెన్షన్ ఉండదు. చలిలో ఒకసారి, ఎండలో ఒకసారి కొలిచి, డబ్బా మూత మీద తేదీతో రాసిపెట్టుకోండి.

మా రాష్ట్ర చట్టం ప్రకారం మ్యాగజైన్‌లో పది తూటాలే. నాలాంటివాళ్లకి ఏ డివిజన్ మేలు? (ఎడిసన్, న్యూజెర్సీ)

రూల్ బుక్ ఎంత అనుమతించినా చట్టమే పైన. క్యారీ ఆప్టిక్స్‌లో పదితో ఆడొచ్చు, కానీ వేరే రాష్ట్రానికి వెళ్తే ఇరవైకి పైగా నింపుకున్నవాళ్లతో పోటీ. నేనైతే, తూటాలు ఒకే వరసలో పట్టే పిస్టళ్ల డివిజన్ సింగిల్ స్టాక్‌లో, 1911 మోడల్ పిస్టల్ పట్టుకుంటాను. అక్కడ మైనర్‌కి పది, మేజర్‌కి ఎనిమిది, ఎవరికైనా అంతే. రీలోడ్ బాగా నేర్చుకుంటారు కూడా.

హెచ్1బీ మీద ఉన్నాను. సామాను కొనడం మొదలుపెట్టవచ్చా? (అర్వింగ్, టెక్సస్)

బాబూ, ఆగండి. ఇమిగ్రెంట్ కాని వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం 1998 నుంచి నిషేధించింది. స్నేహితుడి పిస్టల్, రేంజ్‌లో అద్దెకిచ్చేది కూడా ఇందులోకే వస్తాయి. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. అయినా మీ కాగితాలు ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించాకే అడుగు వేయండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు. ఈలోగా ఆట దగ్గరగా చూడాలనుంటే వచ్చి టార్గెట్లకు టేప్ అంటించండి, స్కోరు రాయండి. ఆ చేతులు మాకు ఎప్పుడూ తక్కువే.

మా అబ్బాయికి .223 రైఫిల్ ఉంది. క్లబ్ ఆదివారం పిస్టల్ మ్యాచ్‌లో రైఫిల్ కూడా ఆడనిస్తారట కదా? (కేటీ, టెక్సస్)

ఆడనిచ్చేది పీసీసీ, అంటే 9 ఎమ్ఎమ్ లాంటి పిస్టల్ తూటానే కాల్చే కార్బైన్. మీ .223 కాదు. పిస్టల్ స్టేజ్‌లో, అంటే మ్యాచ్‌లో ఒక్కో విడత కాల్చే చోట, ఇనప ప్లేట్లు ఏడెనిమిది మీటర్ల దూరంలో కూడా ఉంటాయి. సెకనుకు 3,000 అడుగుల వేగంతో వచ్చే బుల్లెట్ ఆ ప్లేట్‌లో గుంట చేస్తుంది, ఆ గుంటలోంచి ముక్కలు ఎటు తిరిగొస్తాయో తెలియదు. గుంటపడిన ప్లేటు పిస్టల్‌కి కూడా పనికిరాదు. మీ రైఫిల్‌కి విడిగా రైఫిల్ మ్యాచ్‌లు ఉన్నాయి. ఐపీఎస్‌సీ రైఫిల్‌లో మైనర్ 150, మేజర్ 320. 55 గ్రెయిన్ల .223 దాదాపు 165 వస్తుంది, మైనర్.

పీసీసీ కొంటే మైనర్ స్కోరింగ్ మాత్రమే. భుజానికి ఆనించే స్టాక్ తప్పనిసరి. స్టేజ్ మీద లేనప్పుడు రైఫిల్ కేసులోనైనా ఉండాలి, ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గదిలో, ఖాళీ అని చూపే రంగు ఫ్లాగ్‌తోనైనా ఉండాలి. ఫ్లాగులు రెండు కొనండి, ఒకటి బాబు జేబులో, ఒకటి మీ జేబులో. బీప్ ముందు తీసి గడ్డిలో పడేస్తే, స్టేజ్ అయ్యాక మీతో ఆడే బృందం (స్క్వాడ్) అంతా వంగి వెతకాల్సి వస్తుంది.