రిమోట్ మీ అమ్మాయి బ్యాగులో ఎందుకుంది?

మీ ఉత్తరంలో సగానికి పైగా మీ ఆడపడుచే ఉంది. నడుముకి రెండు ఆపరేషన్లు అయ్యాక కూడా ఎడమ కాల్లో నరం లాగుతూనే ఉంటే రెండేళ్ల క్రితం వెన్నులో స్టిమ్యులేటర్ (వెన్నుపాము దగ్గర పెట్టిన సన్నని వైర్లతో కాస్త కరెంటు పంపి నొప్పి తెలియకుండా చేసే మిషన్, బయటి నుంచి రిమోట్‌తో నడుస్తుంది, బెల్టుతో ఛార్జ్ అవుతుంది) పెట్టారని, మొదటి ఏడాది ప్రాణం లేచొచ్చినట్టయిందని, కొన్ని నెలలుగా మళ్లీ నొప్పి తెలుస్తోందని, ఆవిడేమో వచ్చినప్పుడల్లా "అంత అప్పు చేసి ఒంట్లో మిషన్ పెట్టించుకుని ఇంకా ఈ మూలుగుడేంటి వదినా" అంటోందని, ఆ మాటలు పడలేక తీయించేద్దామనిపిస్తోందని రాశారు. తీయించుకోవచ్చా, తీయించుకుంటే ఆవిడకి ఏమని చెప్పాలి, ఇదీ మీరడిగింది.

దీనికి జవాబు చిన్నదే కాబట్టి ముందే చెప్పేస్తాను. ఆడపడుచు అన్న మాటకి ఒంట్లోంచి వైర్లు తీయించుకోవడం ఏమిటండీ? తీయడం కూడా ఆపరేషనే. మళ్లీ కోత, మళ్లీ కుట్లు, మళ్లీ ఇన్ఫెక్షన్ భయం. నొప్పి ఎందుకు పెరిగిందో ముందు చూడాలి కదా. వైరు పెట్టిన చోటు నుంచి కాస్త జరిగి ఉండొచ్చు, ఈ మిషన్లలో తరచుగా వచ్చే ఇబ్బందుల్లో అదొకటి, ఎక్స్‌రేలో తెలిసిపోతుంది. కొందరికి వైరు చుట్టూ లోపలి గాయం మచ్చ కట్టి కరెంటు సరిగ్గా అందదు. కొందరికి ఒళ్లు ఆ కరెంటుకి అలవాటు పడిపోతుంది, అప్పుడు ప్రోగ్రామ్ మారుస్తారు, అంటే ఎంత బలంతో, ఎంత వేగంతో, వైరు మీద ఏ చోటు నుంచి పంపాలో బయటి నుంచే మళ్లీ సెట్ చేస్తారు. దానికి కత్తి పెట్టక్కర్లేదు. ఇవన్నీ చూశాక కూడా లాభం లేదంటే అప్పుడు తీయించే మాట డాక్టరూ మీరూ కూర్చుని మాట్లాడుకోండి. ఆ గదిలో మీ ఆడపడుచుకి కుర్చీ వేయకండి.

కానీ మీరు క్లినిక్‌కి వెళ్లి ఏడాది దాటింది. ఎందుకు వెళ్లలేదో కూడా మీరే రాశారు, వెళ్తే నొప్పి తిరిగొచ్చిందని మీ ఆయనకి తెలిసిపోతుందని. ఆయన అప్పు చేసి పెట్టించారు, కనిపించిన వాళ్లందరికీ మా ఆవిడకి తగ్గిపోయిందని సంతోషంగా చెప్పుకుంటున్నారు, ఆ సంతోషం పాడుచేయలేక మీరు పళ్ల బిగువున నెట్టుకొస్తున్నారు. ఇంట్లో మీ నొప్పి సంగతి తెలిసింది ఒక్కరికే. మీ అమ్మాయికి. పదిహేడేళ్ల పిల్లకి.

ఆ పిల్ల గురించి మీరు రాసింది ఉత్తరం మొత్తం మీద ఓ పది వాక్యాలుంటుంది, అదీ మెచ్చుకుంటూ రాశారు. "మా బంగారుతల్లి లేకపోతే నేను లేను", "రిమోట్ దాని దగ్గరే ఉంటుంది, నాకంటే దానికే బాగా తెలుసు", "రాత్రిళ్లు ఛార్జింగ్ బెల్టు అదే పెడుతుంది, చోటు కుదిరేదాకా వెనకాలే కూర్చుంటుంది", "దూరం కాలేజీలకి అప్లై చేయనంటోంది, నేను చెప్పలేదు, దానికదే అంది". నాకు మీ ఆడపడుచు మాటల కంటే ఈ ముక్కలే ముల్లులా గుచ్చుకున్నాయి. మీ అసలు సమస్య మీకూ మీ అమ్మాయికీ మధ్య ఉంది. అది మీకు సమస్యలా కనిపించడం లేదు, ఎందుకంటే అక్కడ గొడవ లేదు, ప్రేమే ఉంది.

ఒక సంగతి మీరు మామూలుగా రాసేసి వెళ్లిపోయారు, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఓ సాయంత్రం మీరు పడుకోగానే కరెంటు ఒక్కసారి ఎక్కువై కాలంతా జిల్లుమంది. తిమ్మిరి తెలిసే రకం మిషన్లలో వెల్లకిలా పడుకుంటే అలా అవుతుంది, పడుకున్నప్పుడు వెన్నుపాము వైరుకి దగ్గరవుతుంది కాబట్టి అదే కరెంటు గట్టిగా తగులుతుంది. రిమోట్‌తో కాస్త తగ్గించుకుంటే సరిపోయే విషయం. రిమోట్ ఏమో అమ్మాయి ట్యూషన్ బ్యాగులో ఉండిపోయింది. మీరు లేచి కుర్చీలో నిటారుగా కూర్చుని, కదిలితే ఎక్కడ మళ్లీ తగులుతుందోనని, ఆ పిల్ల వచ్చేదాకా అలాగే ఉన్నారు. పక్క గదిలో మీ ఆయన ఉన్నారు. పిలవలేదు. ఆ పిల్ల ఇంట్లోకి వస్తూనే మీ మొహం చూసి చెప్పులు కూడా విప్పకుండా బ్యాగులోంచి రిమోట్ తీసింది, ఆ రోజు నుంచి ట్యూషన్ మానేసింది.

ట్యూషన్ మానేసిన పిల్ల రేపు కాలేజీ మానేస్తుంది. ఆ తర్వాత ఏమేం మానేస్తుందో మీరే ఆలోచించుకోండి.

మీరు నన్ను ఆపి, కూతురు తల్లికి చేస్తే తప్పా అని అడుగుతారు. తప్పు కాదు. జ్వరం వచ్చినప్పుడు, ఆపరేషన్ అయినప్పుడు పిల్లలు చేయాలి, చేయడం నేర్పాలి కూడా. కానీ రోజూ బయటికి వెళ్లే ముందు గుమ్మంలో నిలబడి "అమ్మా, ఎంత?" అని అడుగుతుందని రాశారే, పదికి ఎంత నొప్పి అని. మీరు ఆరు అంటే భుజాన బ్యాగు కింద పెట్టేస్తుందట. ఆ లెక్క అడగాల్సింది డాక్టరు. అడిగి తట్టుకోవాల్సింది మీ ఆయన. చదువుకునే పిల్ల తను ఇల్లు కదలాలా వద్దా అనేది తల్లి చెప్పే అంకెను బట్టి తేల్చుకుంటోందంటే ఆ బరువు మీరు మోయిస్తున్నదే. మీరు అడగలేదు, నిజమే. వద్దని కూడా అనలేదు. పైగా దీన్ని నాన్నకి చెప్పకు అని కూడా అన్నారు. నొప్పి సంగతి పిల్లకి తెలియడం వేరు, ఆ నొప్పిని తండ్రి నుంచి దాచే పని పిల్లకి అప్పజెప్పడం వేరు. మొదటిది ఏ ఇంట్లోనైనా ఉంటుంది. రెండోది నేను ఒప్పుకోను.

అబ్బాయి గురించి ఒకే ఒక్క మాట రాశారు, "వాడికి ఇవేం తెలియవు" అని. పదిహేనేళ్లవాడికి ఎందుకు తెలియవు? బకెట్ ఎత్తడానికి, కింద పడ్డవి తీయడానికి ఆడపిల్లే కావాలా? ఇవాళే చెప్పండి వాడికి.

ఇంకొకటి, మీ రోజువారీ పనుల గురించి చదువుతుంటే నాకు ఆశ్చర్యమేసింది. వంగరు, పక్కకి తిరగరు, చెయ్యి పైకెత్తి అల్మారాలోది కూడా తీసుకోరు, అన్నీ అమ్మాయే. అడిగితే వైరు జరుగుతుందని డాక్టర్ చెప్పారంటారు. చెప్పే ఉంటారు, కాకపోతే ఆ మాట ఆపరేషన్ అయిన తర్వాత మొదటి 6 నుంచి 8 వారాలకి. అప్పటికి వైరు చుట్టూ కండ పట్టి చోటు కుదురుకోవాలి కాబట్టి వంగొద్దు, మెలి తిరగొద్దు, బరువులెత్తొద్దు అంటారు. మీరు రెండేళ్ల తర్వాత కూడా ఆ వారాల్లోనే ఉండిపోయారు. ఇప్పుడు మీరేం చేయొచ్చో, ఏం చేయకూడదో ఈసారి వెళ్లినప్పుడు గట్టిగా అడిగి తెలుసుకోండి, మీ ఒంటి సంగతి వాళ్లకి తెలుసు. ఫిజియోథెరపీకి పంపితే వెళ్లండి, నెమ్మదిగా కదలడం మొదలుపెట్టండి. అక్కడ ముందుగానే స్టిమ్యులేటర్ ఉందని చెప్పాలి, డయాథర్మీ అనే వేడి చికిత్స మీలాంటి వాళ్లకి పెట్టకూడదు, వైర్లు లోపల వేడెక్కి ప్రమాదమవుతుంది. ఎంఆర్ఐ అన్నా అంతే, మిషన్ కార్డు చూపించకుండా లోపలికి వెళ్లకండి. ఇవి అమ్మాయికి తెలుసని ఊరుకోవద్దు, మీకు తెలియాలి.

రిమోట్ ఈ పూటే తీసుకోండి. పెంచేది ఏది, తగ్గించేది ఏది, పూర్తిగా ఆపేది ఏది, ప్రోగ్రామ్ మార్చేది ఏది, మీ అంతట మీరు నొక్కి నేర్చుకోండి. పడుకునే ముందే కాస్త తగ్గించుకుని పడుకోండి. మీ ఒంట్లో ఉన్న మిషన్ మీ చేతిలో ఉండాలి, అది నాకు మీ ఆత్మగౌరవానికి సంబంధించిన విషయంగానే కనిపిస్తోంది. ఛార్జర్ వెనక్కి పెట్టుకోవడం చెయ్యి అందక కష్టమైతే సాయం చేయాల్సింది మీ ఆయన. భార్య నడుముకి బెల్టు కట్టడానికి భర్తకి ఏం మొహమాటం?

ఇక ఆయనతో మాట్లాడే సంగతి. మీరు భయపడుతున్నది ఆయన కోపానికి కాదు, ఆయన మొహం చిన్నబోవడానికి. అర్థమైంది. కానీ ఆయన అప్పు చేసింది మీరు బాగుండాలని, మీరు బాగున్నట్టు నటించాలని కాదు కదా. అప్పు డబ్బుతో తీరుతుంది, మీరు నవ్వు మొహం పెట్టుకుని తిరిగితే తీరదు. పిల్లలు లేనప్పుడు కూర్చోబెట్టి సూటిగా చెప్పండి, మొదట్లో బాగా తగ్గింది, ఈ మధ్య మళ్లీ వస్తోంది, నువ్వు బాధపడతావని చెప్పలేదు, ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్దాం అని. డబ్బంతా వృథా అయిందా అని ఆయన అడగొచ్చు. కాలేదు. లోపల పెట్టడానికి ముందు కొన్ని రోజులు బయట బ్యాటరీతో ట్రయల్ చేశారు గుర్తుందా, అందులో నొప్పి కనీసం సగం తగ్గిందా అన్నదే సాధారణంగా చూస్తారు. సగం తగ్గితే సఫలమైనట్టు లెక్క, పూర్తిగా పోతుందని ఎవరూ మాటివ్వలేదు. 1967లో మొదటిసారి మనిషికి అమర్చినప్పటి నుంచీ ఈ మిషన్ చేసే పని నొప్పి కబురు మెదడుకి చేరకుండా మధ్యలో అడ్డుపడటం. దెబ్బతిన్న నరాన్ని అది బాగుచేయదు. ట్రయల్‌లో రాత్రంతా నిద్రపోయానని ఎంత మురిపెంగా రాశారు మీరు! ఆ నిద్ర మళ్లీ రావడానికి దారులున్నాయి, కానీ మీరు గడప దాటి క్లినిక్‌కి వెళ్తేనే.

ఆయనకి తెలిశాక ఆడపడుచు సమస్య సగం తీరిపోతుంది. ఆవిడ అంత ధీమాగా అంటోందంటే అన్నయ్య తగ్గిపోయిందని చెప్పాడు కాబట్టే. చెల్లెలికి నిజం చెప్పాల్సింది ఆయన, మీరు కాదు. అప్పటికీ ఆవిడ నోరు ఆగకపోతే మళ్లీ రాయండి, అప్పుడు ఆవిడ గురించి మాట్లాడుకుందాం.

చివరగా అమ్మాయితో. ఆయనతో మాట్లాడాకే ఆ పిల్లతో మాట్లాడండి, ముందు మాట్లాడితే నమ్మదు. మనసు ఉండబట్టలేక నొప్పి పూర్తిగా పోయిందని మాత్రం అబద్ధం చెప్పకండి, ఇన్నాళ్లు మీ మొహం చదివిన పిల్ల అది, అబద్ధం చెబితే ఇంకా కాపలా కాస్తుంది. "నాన్నకి చెప్పాను, ఇకనుంచి బెల్టు నాన్న పెడతారు, రిమోట్ నా దగ్గర ఉంటుంది" అనండి. అలుగుతుంది, నేనేం తప్పు చేశానమ్మా అంటుంది, ఏడుస్తుంది కూడా, తన పని ఎవరో లాక్కున్నట్టు అనిపిస్తుంది దానికి. ఓపిక పట్టండి. గుమ్మంలో నిలబడి "ఎంత?" అని అడిగితే ఏ అంకే చెప్పకండి, నాకు చూసుకోవడం తెలుసు నువ్వు వెళ్లు అని చెప్పి పంపించండి, ఆ రోజు తొమ్మిది ఉన్నా సరే. ట్యూషన్‌కి మళ్లీ పంపండి. దూరం కాలేజీలకి అప్లై చేసే గడువు ఇంకా ఉందని రాశారు కదా, ఆ ఫారం మీరూ ఆయనా పక్కన కూర్చుని నింపించండి, మీ దగ్గర్లో ఉన్నదొకటే రాసి ఊరుకుంటే ఒప్పుకోకండి.