తక్కువ కొలెస్ట్రాల్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. వాక్యం బాగానే నడిచింది. కానీ కొలెస్ట్రాల్ తగ్గడం వల్లే పెద్దవాళ్లు చిక్కి శల్యమవుతారని తేల్చేశావే, అక్కడే నాకు అభ్యంతరం. ఆసుపత్రిలో చేరిన వృద్ధుల్లో తక్కువ కొలెస్ట్రాల్, ఫ్రెయిల్టీ (ఒంట్లో సత్తువ తరిగి, చిన్న జబ్బునూ తట్టుకోలేని స్థితి) తరచూ జంటగా కనబడే మాట నిజమే. జంటగా కనబడ్డాయని ఒకటి రెండోదానికి కారణమైపోదు కదా.

ఏది ముందు, ఏది వెనక అన్నది చూడు. న్యుమోనియాతోనో, తుంటి విరిగో మంచమెక్కిన మనిషి ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే జబ్బు మీద ఒళ్లు చేసే పోరు, రేగుతుంది. ఆ రోజుల్లో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అనేది), హెచ్‌డీఎల్ (మంచిది అనేది) రెండూ పడిపోతాయి. గుండెపోటు వచ్చినవాళ్లకు కొలెస్ట్రాల్ పరీక్ష వీలైతే మొదటి 24 గంటల్లోనే చేయమనేది అందుకే. కొన్ని నెలలుగా తిండి సహించకపోయినా, లివర్ దెబ్బతిన్నా, లోపల క్యాన్సర్ ముదురుతున్నా అంకె దిగుతుంది. పోషణ ఎలా ఉందో అంచనా వేసే కోనట్ స్కోరులో అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రొటీన్), లింఫోసైట్ల (ఒక రకం తెల్ల రక్తకణాలు)తో పాటు మొత్తం కొలెస్ట్రాల్‌నూ లెక్కేస్తారు. అందులో కొలెస్ట్రాల్ డెసిలీటరుకు 180 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే మామూలు, 100 లోపు ఉంటే తీవ్రమైన లోపం. నువ్వు ఆ అంకెను ముద్దాయిని చేశావు, నేనైతే సాక్షిగా పిలిచేవాణ్ణి.

ఫ్రెయిల్టీని 'ముసలితనపు నీరసం' అని ఒక్క ముక్కలో దాటేశావు. 2001లో వృద్ధుల ఆరోగ్యంపై పరిశోధించే లిండా ఫ్రైడ్ బృందం ఐదు లక్షణాలు చెప్పింది: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, అలసట, చేతి పట్టు సడలడం, నడక మందగించడం, కదలిక తగ్గడం. మూడు ఉంటే ఫ్రెయిల్. అయితే సెలైన్ ఎక్కుతున్న మనిషిని లేపి నడిపించి కొలవలేం. అందుకే రోజువారీ పనులను బట్టి అంచనా వేసే క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్ వాడేటప్పుడు, జబ్బు పడకముందు, సుమారు 2 వారాల కిందట ఎలా ఉండేవారని ఇంటివాళ్లను అడుగుతారు. తనంతట తాను స్నానం చేసేవారా? బయటికి వెళ్లొచ్చేవారా? ఇలాంటి ప్రశ్నలు నీ వ్యాసంలో ఒక్కటీ లేవు. రక్తపరీక్ష కాగితం తప్ప మనిషి కనబడలేదు నాకు.

ఇంకోటి, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. నీ మాట నమ్మి ఎవరో ఒకరు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మానేస్తారు. గుండెపోటో పక్షవాతమో వచ్చి బతికి బయటపడ్డవాళ్లకు ఆ మాత్ర అవసరం. ఒళ్లు బాగా క్షీణించి, చివరి దశలో ఉన్నవాళ్లకు ఒక్కోసారి డాక్టర్లే ఆపుతారు. ఈ ఇద్దరినీ ఒకే పేరాలో కలిపేశావు. విడదీసి రాయి, వృద్ధుల వైద్యం తెలిసిన డాక్టరుకు చూపించు, ఆ తర్వాత నాకు పంపు.

నీ అన్న