ముగ్గురు పిల్లలున్నా వార్డుకు పోటీ చేయవచ్చు

విశాఖ నగరపాలక ఎన్నికలో వార్డుకు పోటీ చేయాలనుకుంటున్నానని, ఖర్చుకు 40 లక్షల దాకా పరిమితి ఉందని ఉత్తరంలో రాశారు. మూడో బిడ్డ ఉన్నందున మీ నామినేషన్ చెల్లదని మీ బావగారు తేల్చేశారనీ అన్నారు. ఆయన చెప్పింది పాత చట్టం. ఇద్దరికి మించి సంతానముంటే అనర్హత అనే నిబంధన 1990వ దశకం నుంచి ఉన్నమాట నిజమే. 2024 నవంబరులో శాసనసభ పురపాలక, పంచాయతీరాజ్ చట్టాలను సవరించి దాన్ని తొలగించింది. కాబట్టి ఆ కారణంతో మాత్రం మిమ్మల్ని ఆపలేరు.

ఇక ఖర్చు. మీరు రాసిన 40 లక్షల పరిమితి 2022లో పెద్ద రాష్ట్రాల శాసనసభ అభ్యర్థులకు పెంచినది. అది వార్డుకు పనికిరాదు, దాన్ని నమ్ముకుని చేతికి ఎముక లేకుండా ఖర్చు పెట్టకండి. మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) వార్డులకు ఎన్నిక జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. పరిమితి ఎంతో, ఖర్చు లెక్కలు ఇచ్చే గడువు ఎప్పటికో దాని ఉత్తర్వులోనే చూడాలి. నోటిఫికేషన్ రాగానే రిటర్నింగ్ అధికారి దగ్గర ఆ కాగితం అడిగి తీసుకోండి.

ఆటోకు మైకు కట్టించినా, ఎంవీపీ కాలనీ కుర్రాళ్లకు టిఫిన్లు పెట్టించినా రశీదు దాచండి. ఓడినవారూ లెక్క చూపాలి. చూపకపోతే తర్వాతి పోటీకి అనర్హత పడవచ్చు.