ఇంగ్లండ్‌లో అద్దె ఇంటి బాయిలర్ బాగుచేయించకపోతే అద్దె ఆపవచ్చా?

మీ ప్రశ్న సారాంశం ఇది: నలుగురు విద్యార్థులు కలిసి తీసుకున్న ఇంట్లో మూడు వారాలుగా బాయిలర్ (గదులను వేడిచేసి, నీళ్లు కాచే యంత్రం) పనిచేయడం లేదు, వెనుక గది గోడకు నల్లటి బూజు పట్టింది, యజమాని తరఫు ఏజెంటుకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా "చూస్తాం" అన్న మాట తప్ప మరొకటి రావడం లేదు. ఈ నెల అద్దె ఆపేయవచ్చా, కౌన్సిల్‌కు (స్థానిక పాలక సంస్థకు) ఫిర్యాదు చేస్తే వీసాకు ఇబ్బంది అవుతుందా అని అడిగారు. అద్దె ఆపకండి. వీసాకు ఇబ్బంది రాదు. కారణాలు చెబుతాను గానీ, అంతకంటే ముందు ఈ రాత్రే చేయవలసిన పని ఒకటి ఉంది. యజమానికీ ఏజెంటుకూ కలిపి ఒక ఈమెయిల్ రాయండి, ఎందుకంటే చట్టం దృష్టిలో మీరు ఇప్పటివరకు చేసిన ఫోన్లు చేయనట్టే లెక్క అయ్యే ప్రమాదం ఉంది.

ఈ మాట నేను అనుభవంతో చెబుతున్నాను. ఉత్తర ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చదువుతున్నప్పుడు మేము కూడా నలుగురమే ఉండేవాళ్లం. నవంబర్ రెండో వారంలో బాయిలర్ మొరాయించడం మొదలుపెట్టింది. పొద్దున్నే లేచి అడుగున ఉన్న కుళాయి తిప్పి నీళ్లు నింపితే ప్రెషర్ ముల్లు ఒకటి దాకా వచ్చేది, సాయంత్రం క్లాసుల నుంచి తిరిగొచ్చేసరికి మళ్లీ సున్నా మీద పడి ఉండేది. ఏజెంటు ఫోన్‌లో "మీరే నింపుకోండి, అది మామూలే" అన్నాడు. మేము నమ్మి రెండు వారాలు అలాగే నింపుకుంటూ గడిపాం. మూడో వారంలో అది పూర్తిగా ఆగిపోయింది. నా గదిలో పెట్టిన చిన్న థర్మామీటర్ పొద్దున ఏడింటికి 11 డిగ్రీలు చూపించేది. ఇళ్లలో కనీసం 18 డిగ్రీల వెచ్చదనం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. మాలో ఉబ్బసం ఉన్న స్నేహితుడు వంటగదిలో ఓవెన్ తలుపు తెరిచిపెట్టి దాని ముందు కూర్చుని చదువుకునేవాడు. గ్యాస్ ఓవెన్‌ను అలా వాడితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకునే ప్రమాదం ఉంటుందని మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు కాబట్టి మీకు నేను చెబుతున్నాను: చలికి తట్టుకోలేకపోయినా ఆ పని మాత్రం చేయకండి. గ్యాస్ వాసన వస్తే ఏజెంటు కోసం ఎదురుచూడకుండా బయటికి వచ్చి 0800 111 999 అనే అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి.

ఏజెంటుతో మాట్లాడి విసిగిపోయాక యూనివర్సిటీ విద్యార్థి సంఘం వారి సలహా కేంద్రానికి వెళ్లాం. అక్కడ కూర్చున్న ఆవిడ మా కథ అంతా విని మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే: "రాతలో ఎప్పుడు చెప్పారు?" మా దగ్గర జవాబు లేదు. 1985 నాటి యజమాని-అద్దెదారు చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, ఏడేళ్లకు తక్కువ కాలానికి ఇచ్చిన ఇంటిలో పైకప్పు, గోడలు, కిటికీలు, మురుగు గొట్టాలు, వాన నీటి గట్టర్లు, నీరు, గ్యాస్, విద్యుత్, పారిశుధ్య ఏర్పాట్లు, గదులను వేడిచేసే, నీళ్లు కాచే పరికరాలు అన్నింటినీ పనిచేసే స్థితిలో ఉంచవలసిన బాధ్యత యజమానిదే. అగ్రిమెంట్‌లో మరమ్మతులు అద్దెదారే చేయించుకోవాలని రాసి మీ చేత సంతకం పెట్టించుకున్నా ఈ విషయాల్లో అది చెల్లదు. అయితే మీరున్న ఇంటి లోపలి లోపాల విషయంలో, వాటి గురించి యజమానికి తెలిసిన తరువాతనే ఆ బాధ్యత అమలులోకి వస్తుంది. తెలిసిన తరువాత సహేతుకమైన సమయంలో బాగుచేయించాలి. నోటితో చెప్పినా తెలిసినట్టే గానీ దాన్ని రుజువు చేయడం కష్టం, కాబట్టి మీ మూడు వారాల చలికి గట్టి రుజువు మీ మొదటి రాతపూర్వకమైన సమాచారమే. ఫోన్లు చేసిన తేదీలు కాల్ లాగ్‌లో ఉంటాయి గనుక వాటిని స్క్రీన్‌షాట్లు తీసి ఆ ఈమెయిల్‌కు జతచేస్తే అంతవరకైనా నిలబడుతుంది. మేము అలాగే చేశాం.

ఈమెయిల్‌లో కోపం అవసరం లేదు, వివరం అవసరం. ఏది పాడైంది, ఏ తేదీ నుంచి, దానివల్ల ఎవరికి ఏమవుతోంది, ఎప్పటిలోగా మనిషిని పంపాలి, ఏయే రోజుల్లో మీరు ఇంట్లో ఉంటారు అన్నవి రాసి, నలుగురి పేర్లూ కింద పెట్టండి. చివరి వివరం చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా ముఖ్యమైనది. 24 గంటల ముందు రాతపూర్వకంగా తెలియజేసి, తగిన వేళలో ఇంటి స్థితిని చూడటానికి రావడానికి యజమానికి హక్కు ఉంది. తలుపు తీయలేదన్న సాకు అతనికి దొరకకూడదు. మాకు ఒకసారి సరిగ్గా అదే జరిగింది. ముందు చెప్పకుండా పంపిన మెకానిక్ తలుపు కొట్టి వెళ్లిపోయాడని, తప్పు మాదేనని ఏజెంటు రాశాడు. అప్పటికే మేము ఖాళీగా ఉండే రోజులు రాసి పంపి ఉన్నాం కాబట్టి ఆ వాదన అక్కడితో ఆగిపోయింది.

ఇక బూజు సంగతి. మీ ఏజెంటు ఈపాటికే "మీరు కిటికీలు తీయరు, గదిలో బట్టలు ఆరేస్తారు, వంట ఎక్కువ చేస్తారు" అని ఉంటాడు. మాతో కూడా అన్నాడు, అందులోని చిన్నచూపు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఇక్కడ చట్టంలో ఒక మెలిక ఉంది, దాన్ని తెలుసుకుని రాయడం మంచిది. గోడ గానీ కిటికీ గానీ చెడిపోకుండా, కేవలం ఇంటి కట్టుబడి వల్ల గదిలోని ఆవిరి చల్లటి గోడ మీద నీరై నిలిస్తే అది 11వ సెక్షన్ కిందకు రాదని 1985లోనే కోర్టు తీర్పు ఉంది. ఆ లోటును పూడ్చడానికే 2018లో ఇళ్లు మానవ నివాసానికి యోగ్యంగా ఉండాలనే చట్టం చేశారు, అది 2019 మార్చి 20 నుంచి అమలులోకి వచ్చింది. చెమ్మ, చలి, గాలి వెలుతురు లేకపోవడం వంటివి మనిషి నివసించలేనంతగా ఉంటే, కారణం కట్టుబడే అయినా సరే, యజమాని జవాబుదారీ అవుతాడు. అందువల్ల మీ ఈమెయిల్‌లో రెండు చట్టాలనూ పేర్కొనండి.

కారణం ఏదో మీరే కొంత తేల్చుకోవచ్చు కూడా. మా వెనుక గదిలో బూజు పరుపు వెనుక గోడ పైమూల నుంచి కిందికి దిగింది. వాన పడుతున్న రోజు గొడుగు పట్టుకుని పెరట్లోకి వెళ్లి పైకి చూస్తే, సరిగ్గా ఆ మూలకు ఎదురుగా గట్టర్ అతుకు విడిపోయి నీళ్లు గోడ మీదుగా ధారగా కారుతున్నాయి, ఇటుకల మీద పచ్చటి పాచి చార కూడా కట్టి ఉంది. పాచి కట్టిందంటే అది నిన్న మొన్నటి వ్యవహారం కాదు. ఆ వీడియో పంపిన తరువాత కిటికీల ప్రస్తావన మళ్లీ రాలేదు.

ఇప్పుడు అద్దె విషయం. మాకూ ఒక సీనియర్ "కట్టకండి, వాళ్లే పరిగెత్తుకొస్తారు" అని సలహా ఇచ్చాడు, మేము దాదాపు వినబోయాం. నలుగురూ ఒకే అగ్రిమెంట్ మీద సంతకం చేసి ఉంటే, ఒకరు ఆపిన అద్దెకు మిగతా ముగ్గురూ, వారి తరఫున హామీ ఇచ్చినవారూ బాధ్యులవుతారు. మరమ్మతు చేయించకపోవడం యజమాని తప్పు, అద్దె బాకీ పడటం మీ తప్పు అవుతుంది, ఈ రెండింటినీ కోర్టు విడివిడిగా చూస్తుంది. రెండు నెలల బాకీ ఉంటే ఇల్లు ఖాళీ చేయించమని కోర్టు ఆదేశించక తప్పని నియమం ఉండేది. 2025 అక్టోబర్ 27న ఆమోదం పొందిన అద్దెదారుల హక్కుల చట్టం దాన్ని 2026 మే 1 నుంచి మూడు నెలలుగా మార్చింది, అంతేగాని తీసివేయలేదు. మీరే మరమ్మతు చేయించి ఆ ఖర్చును అద్దెలో తగ్గించుకునే పద్ధతిని ఇంగ్లండ్ కోర్టులు గుర్తించాయన్నది నిజమే, కానీ ముందుగా నోటీసు ఇచ్చి, మూడు చోట్ల అంచనాలు తీసుకుని, వాటిని యజమానికి పంపి గడువు ఇచ్చిన తరువాత చేయవలసిన పని అది. బాయిలర్‌ను గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదైన ఇంజనీరు తప్ప ఎవరూ ముట్టకూడదు కనుక మీ విషయంలో ఆ దారిని నేను సూచించను. నష్టపరిహారం కోరే హక్కు మాత్రం మీరు ఇల్లు ఖాళీ చేసినా పోదు. ఒప్పంద ఉల్లంఘనకు ఆరేళ్ల వరకు దావా వేయవచ్చు. విద్యుత్ హీటర్లకు అయిన కరెంటు బిల్లు అందుకే దాచుకోండి.

ఈమెయిల్‌లో ఇచ్చిన గడువు దాటితే, స్థానిక కౌన్సిల్ పర్యావరణ ఆరోగ్య విభాగానికి రాయండి. దీనికి మీరు రుసుము కట్టనవసరం లేదు. 2004 హౌసింగ్ చట్టం ప్రకారం వాళ్లు ఇంటిని తనిఖీ చేసి అందులోని ప్రమాదాలను లెక్కగడతారు, విపరీతమైన చలి, చెమ్మ-బూజు రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. మొదటి తరగతి, అంటే అత్యంత తీవ్రమైన, ప్రమాదం అని తేలితే చర్య తీసుకోవడం కౌన్సిల్ ఇష్టం కాదు, విధి. వాళ్లు ఇచ్చే మెరుగుదల నోటీసును పాటించకపోవడం నేరం, అప్పుడు కట్టిన అద్దెలో కొంత తిరిగి ఇప్పించమని మీరు ట్రిబ్యునల్‌ను కూడా ఆశ్రయించవచ్చు. మీరు నలుగురూ ఒకే కుటుంబం కాదు గనుక మీది చట్టం ప్రకారం బహుళ నివాస గృహం. అటువంటి ఇళ్ల నిర్వహణకు 2006 నాటి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి, ఐదుగురు లేదా అంతకు మించి ఉంటే లైసెన్సు కూడా తప్పనిసరి, నలుగురికే లైసెన్సు అడిగే కౌన్సిళ్లు కూడా ఉన్నాయి. మీ కౌన్సిల్ లైసెన్సుల జాబితాలో మీ చిరునామా ఉందో లేదో చూడండి.

మా ఇంటికి తనిఖీ అధికారి వచ్చింది డిసెంబర్ మొదటి వారంలో. ఆయన ఇరవై నిమిషాలు కూడా ఉండలేదు. గోడకు చెమ్మ కొలిచే పరికరం ఆనించి, బయటి గోడలోంచి వచ్చిన సన్నటి రాగి గొట్టం చివర చుక్కలు పడుతుండటం చూసి, "మీరు రోజూ నింపిన నీళ్లన్నీ ఇటే పోయాయి" అని చూపించాడు. నాలుగు రోజుల తరువాత ఇంజనీరు, ఆపై వారం గట్టర్ పనివాళ్లు వచ్చారు. నోటీసు జారీ అయ్యే దాకా పోనవసరం రాలేదు.

మీ భయం గురించి. స్టూడెంట్ వీసా షరతులకూ ఇంటి మరమ్మతుల ఫిర్యాదుకూ ఏ సంబంధమూ లేదు. మీ చదువు, హాజరు, పని గంటలు, యూనివర్సిటీ దగ్గర నమోదైన మీ చిరునామా, వీటిని సరిగ్గా ఉంచుకుంటే చాలు. ఫిర్యాదు చేస్తే ఇల్లు ఖాళీ చేయిస్తారన్న భయం ఒకప్పుడు నిజంగానే సమంజసం, ఎందుకంటే కారణం చెప్పకుండా ఖాళీ చేయమనే నోటీసు ఇవ్వడానికి యజమానులకు వీలుండేది. పైన చెప్పిన అద్దెదారుల హక్కుల చట్టం 2026 మే 1 నుంచి ఆ వీలును రద్దు చేసింది. విద్యార్థులు పంచుకునే ఇళ్లను, నిర్ణీత షరతులతో, వేసవిలో తిరిగి తీసుకునే మార్గం మాత్రం యజమానులకు మిగిల్చారు. మీ అగ్రిమెంట్‌తో పాటు ఆ విషయంలో ఏమైనా నోటీసు ఇచ్చారేమో చూసుకోండి.

ఇదంతా ఇంగ్లండ్‌కు వర్తించేది. స్కాట్లండ్, వేల్స్ చట్టాలు వేరు. యజమాని అదే ఇంట్లో ఉంటూ మీకు గది ఇచ్చి ఉంటే, లేదా యూనివర్సిటీ హాస్టల్ అయితే కూడా కొన్ని నియమాలు మారతాయి కాబట్టి విద్యార్థి సంఘం సలహా కేంద్రంలోనో సిటిజన్స్ అడ్వైస్ అనే ఉచిత సలహా సంస్థలోనో అగ్రిమెంట్ చూపించి అడగండి.

చివరగా ఒక విషయం. మేము ఇల్లు వదిలే రోజున, వెనుక గది గోడకు మళ్లీ రంగు వేయించాలంటూ ఏజెంటు డిపాజిట్‌లో కోత పెట్టాడు. డిపాజిట్ రక్షణ పథకం వారి ఉచిత పరిష్కార విభాగానికి మా నవంబర్ ఈమెయిల్, గట్టర్ వీడియో పంపాం, మొత్తం తిరిగి వచ్చింది. ఆ ఈమెయిల్‌ను నేను నా సొంత ఖాతా నుంచి పంపి ఉండటం వల్లనే దొరికింది. మీరు కూడా యూనివర్సిటీ ఖాతా నుంచి పంపకండి. చదువు ముగిసిన కొంతకాలానికి ఆ ఖాతా మూసేస్తారు, డిపాజిట్ తగాదా మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే.