బీఏ వాళ్ళకి స్కాలర్‌షిప్‌లు ఉండవన్న మాట నమ్మకండి

అడిగిన ప్రశ్న: మా చెల్లి ఇంటర్ హెచ్ఈసీలో (చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్ గ్రూపు) 1000కి 930 తెచ్చుకుంది. బీఏ ఎకనామిక్స్ చదువుతానంటోంది. నాన్న అమలాపురం దగ్గర కౌలుకు చేస్తారు. స్కాలర్‌షిప్‌లన్నీ ఇంజినీరింగ్, సైన్సు వాళ్ళకేనని, ఆర్ట్స్ వాళ్ళకి ఏమీ రావని అందరూ అంటున్నారు. నిజమేనా?

నిజం కాదండి. ఇదే మాట మా ఊళ్ళోనూ అన్నారు, కాలేజీ ఆఫీసులో అయితే నా మొహం మీదే అన్నారు. మాది సఖినేటిపల్లి వైపు లంక గ్రామం. మా నాన్నదీ కౌలు వ్యవసాయమే. హెచ్ఈసీ చదివి, రోజూ పంటు మీద గోదావరి దాటి, అవతల బస్సెక్కి వెళ్ళి బీఏ చేశాను. తర్వాత ఎంఏ ఎకనామిక్స్. ఇప్పుడు గ్రామీణ ఆదాయాల మీద సర్వేలు చేసే పనిలో ఉన్నాను. నా డిగ్రీ చదువు స్కాలర్‌షిప్ మీదే నడిచింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

మీ చెల్లికి ముందు చూడాల్సింది కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్. ఇప్పుడు దీన్ని పీఎం-యూఎస్పీ (ప్రధానమంత్రి ఉచ్చతర్ శిక్షా ప్రోత్సాహన్) అనే పథకం కింద ఇస్తున్నారు. ఏటా దేశం మొత్తం మీద 82,000 మందికి కొత్తగా ఇస్తారు, అందులో సగం అమ్మాయిలకి. డిగ్రీ మూడేళ్ళూ ఏడాదికి 12,000. నేను చదివేటప్పుడు 10,000 ఉండేది. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు దాటకూడదు. ఇంటర్‌లో తన బోర్డులో, తన స్ట్రీమ్‌లో పాసైనవాళ్ళలో పైనుంచి 20 శాతంలో ఉండాలి.

ఆ "తన స్ట్రీమ్‌లో" అన్నదే అసలు విషయం, అదే ఎవరూ చెప్పరు. సైన్స్, కామర్స్, ఆర్ట్స్ విద్యార్థులకు 3:2:1 నిష్పత్తిలో పంచుతారు. అంటే ఆరింట ఒక వంతు ఆర్ట్స్ పిల్లలకే పెట్టి ఉంచుతారు. పక్కింటి ఎంపీసీ అబ్బాయికి 985 వచ్చాయి, మనకు 930 ఏం పనికొస్తాయని మీ చెల్లి అనుకుంటోందేమో. ఆ అబ్బాయితో ఆమెకు పోటీయే లేదు. హెచ్ఈసీ తీసుకునేవాళ్ళు మన రాష్ట్రంలో ఎంత తక్కువో మీకు తెలుసు. ఉన్నవాళ్ళలోనూ చాలామంది దరఖాస్తే పెట్టరు, పెట్టవచ్చని వాళ్ళకు చెప్పేవాళ్ళే ఉండరు.

నా సంగతి చెబుతాను. మొదటి ఏడాది నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాను. విద్యార్థి పెట్టగానే పని అయిపోదు, కాలేజీలో స్కాలర్‌షిప్ పని చూసే నోడల్ ఆఫీసర్ లాగిన్ అయి సరిచూసి పైకి పంపాలి. మాది అక్కడే ఆగిపోయింది. ఎప్పుడు చూసినా కాలేజీ స్థాయిలో పెండింగ్ అనే చూపించేది. ఒకరోజు చూస్తే డిఫెక్ట్ అని కొట్టి వెనక్కి పంపేశారు. ఇంటర్ మెమోలో నా ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. రెండూ ఒకే మనిషివని రుజువేంటని అడిగారు.

అప్పుడు కార్తీక మాసం. వాయుగుండం పట్టి సార్వా కోతలు ఆగిపోయాయి, కోసిన పనలు చేలోనే నానుతున్నాయి. గాలికి పంటు ఆపేశారు. గడువు దగ్గర పడిందని నేను ఏడుస్తుంటే, నాన్న చేను వదిలేసి నన్ను బండి మీద ఎక్కించుకుని రాజోలు మీదుగా చించినాడ వంతెన ఎక్కి పాలకొల్లు చుట్టూ తిప్పి కాలేజీకి తీసుకెళ్ళారు. కాగితాలన్నీ ఎరువుల కవరులో చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నారు. ఇద్దరం తడిసి ముద్దయి ఆఫీసు గుమ్మంలో నిలబడితే అక్కడి గుమాస్తా గారు అన్న మాట ఇదీ: "ఏమ్మా, ఇది సైన్సు వాళ్ళకొచ్చేది. బీఏ వాళ్ళకి రాదు. ఊరికే మా టైం, మీ టైం."

నాన్న ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఒక్కసారి చూడండి బాబూ, పిల్ల మార్కులు తెచ్చుకుంది ఆయ్" అన్నారు. అంతే. నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు.

ఆ సమయానికి మా ఎకనామిక్స్ మేడం అటుగా వచ్చారు. సంగతి విని తన గదిలోకి వెళ్ళి స్కీము నిబంధనలు ప్రింటు తీసుకొచ్చారు. 3:2:1 అన్న వాక్యం కింద పెన్నుతో గీత గీసి, ఆఫీసులో అందరికీ వినపడేలా చదివారు. నాకు ఇప్పటికీ ఆ గొంతు గుర్తే. పేరు తేడాకి నోటరీ అఫిడవిట్ చాలని, అది అరగంటలో బయట దొరుకుతుందని ఆమే చెప్పారు. సాయంత్రానికల్లా దరఖాస్తు మళ్ళీ పైకి వెళ్ళింది. వేసవిలో డబ్బు నేరుగా నా ఖాతాలో పడింది. ఆ డబ్బుతో పుస్తకాలు, బస్సు పాసు, మూడో ఏడాది ఎంఏ ఎంట్రన్సు ఖర్చులూ గడిచాయి. దాళ్వా (రెండో పంట) పెట్టుబడికి నాన్న చేసిన అప్పులో నా చదువు పేరు లేకుండా పోయింది. మా ఇంట్లో దాని విలువ ఎంతో కౌలు ఇళ్ళవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

నా కోపం ఆ గుమాస్తా గారొక్కరి మీదే కాదు. బీఏ అంటే ఏదీ దొరకనివాళ్ళు చేరేదన్న అభిప్రాయం మన డెల్టాలో ఎలా పాతుకుపోయిందో నాకు అర్థం కాదు. పిఠాపురం రాజావారి డబ్బుతో పెరిగిన కాకినాడ కాలేజీలో సంఘ సంస్కర్త రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన నేల ఇది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ ఆంధ్రా యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చదివి, తర్వాత లా చదివి రాజ్యాంగ సభలో కూర్చున్నారు. ఇప్పుడేమో కాలేజీల్లో బీఏ గ్రూపులు ఒక్కొక్కటే ఎత్తేస్తున్నారు. ఊరి పెద్దలు, విదేశాల్లో స్థిరపడ్డవాళ్ళు గుడి దగ్గర సభ పెట్టి బహుమతులిస్తే ఐఐటీ సీటు వచ్చిన పిల్లలకే ఇస్తారు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా క్రాప్ హాలిడే పెట్టారు కదా, అది ఎందుకు జరిగిందో లెక్కలు తీసి చెప్పడానికి ఎకనామిక్స్ చదివినవాళ్ళే కావాలి. ఆ ఎకనామిక్స్ చదివే పిల్లకి ఒక పుస్తకాల సెట్టు కొనిపెట్టే దాత మాత్రం దొరకడు.

సర్కారు లెక్కలోనూ తేడా ఉంది. బేసిక్ సైన్సులు చదివే డిగ్రీ పిల్లలకు ఇన్‌స్పైర్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 80,000 వరకు ఇస్తారు. చరిత్ర, ఆర్థికశాస్త్రం చదివేవాళ్ళకి అంత పెద్ద స్కీము డిగ్రీలో లేదు. సామాజిక శాస్త్రాలకి ఐసీఎస్ఎస్ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) ఉంది కానీ దాని డాక్టోరల్ ఫెలోషిప్ పీహెచ్‌డీ వాళ్ళకే. పేదింటి పిల్ల పీహెచ్‌డీ దాకా రావాలంటే ముందు బీఏ గట్టెక్కాలి కదా, అక్కడే చెయ్యి అందించాలి. నేను ఏ సమావేశానికి వెళ్ళినా ఇది అంటూనే ఉంటాను.

ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటూ ఈ సెంట్రల్ సెక్టార్ తీసుకోకూడదు. రెండిట్లో ఒకటే. ప్రభుత్వ కాలేజీలోనో ఎయిడెడ్ కాలేజీలోనో బీఏ ఫీజు తక్కువ, కాబట్టి ఇంట్లో నుంచి వెళ్ళి చదివే పిల్లకి నా లెక్కలో సెంట్రల్ సెక్టారే మేలు. ఫీజు ఎక్కువున్న ప్రైవేటు కాలేజీ అయినా, హాస్టల్లో ఉండి మెయింటెనెన్స్ (ఉండటానికి, తిండికి ఇచ్చే డబ్బు) వచ్చే పరిస్థితి ఉన్నా రాష్ట్రానిదే మేలు కావచ్చు. చేరేముందే కాలేజీలో ఫీజెంతో కాగితం మీద రాయించుకుని లెక్క వేసుకోండి. రాష్ట్ర స్కీముకి ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారుతుంది, డబ్బు తల్లి ఖాతాలో పడాలా కాలేజీ ఖాతాలో పడాలా అన్నదీ మారుతుంది. మధ్యలో ఆలస్యమైతే హాల్ టికెట్ దగ్గర ఒత్తిడి పడేది విద్యార్థి మీదే.

ప్రైవేటు వాటిలో రిలయన్స్ ఫౌండేషన్ వాళ్ళది అన్ని గ్రూపులకీ వర్తిస్తుంది. మొదటి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టాలి, ఆన్‌లైన్ పరీక్ష ఉంటుంది, ఎంపికైతే డిగ్రీ మొత్తానికి 2 లక్షల వరకు ఇస్తారు. మీ చెల్లి పదో తరగతి, ఇంటర్ రెండూ సర్కారు బడిలో, సర్కారు కాలేజీలో చదివి ఉంటే అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ కొన్ని రాష్ట్రాల అమ్మాయిలకి ఏడాదికి 30,000 ఇస్తోంది, ఆ జాబితాలో మన రాష్ట్రం ఉందో లేదో ముందు చూసుకోండి. దూరం పంపడానికి ఇంట్లో ఒప్పుకుంటే బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ, సోనీపత్‌లో అశోకా ఉన్నాయి. అక్కడి ఫీజు చూసి భయపడి వెనక్కి రాకండి. ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు, కొన్నిసార్లు హాస్టలూ మాఫీ చేస్తారు.

నెట్ సెంటర్ల విషయం చెప్పకుండా వదలలేను. తొందరలో వాళ్ళ మొబైల్ నంబరే వేసేస్తారు. తర్వాత ఓటీపీ మొత్తం వాళ్ళ ఫోనుకే పోతుంది, రెన్యువల్ టైముకి ఆ కుర్రాడు అక్కడ ఉండడు. మీ నంబరే వేయించండి, పాస్‌వర్డు మీరే పెట్టుకోండి. రెన్యువల్ అన్నాను కదా, మొదటి ఏడాది వచ్చింది, ఇక దానంతటదే వస్తుందనుకుని వదిలేసేవాళ్ళు చాలామంది. ప్రతి ఏడాదీ మళ్ళీ పెట్టాలి, 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి.

మీరు ఈ వారమే చేయాల్సింది చెబుతాను. ఆధార్, ఇంటర్ మెమో, బ్యాంకు పాసుబుక్కు మూడూ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే ఇప్పుడే ఆధార్ కేంద్రానికి వెళ్ళండి. బియ్యం కార్డు ఉంది కదా అని ఊరుకోకుండా సచివాలయంలో ఆదాయ ధ్రువపత్రానికి పెట్టండి, తహసీల్దారు ఇచ్చిందే కేంద్రం స్కీముకి పనికొస్తుంది. భూమి ఆసామి పేరున ఉంది, మీ నాన్న కౌలుదారు మాత్రమేనని వీఆర్వోకి ముందే చెప్పండి, లేకపోతే ఆ ఎకరాలన్నీ మీవేనని రాసే ప్రమాదం ఉంది. చెల్లి పేరున ఖాతా తెరిచి దానికే ఆధార్ అనుసంధానం చేయించండి. పాత ఖాతా ఏదైనా లింకై ఉంటే డబ్బు అందులోకి పోతుంది. కాలేజీలో చేరిన రోజే స్కాలర్‌షిప్ నోడల్ ఆఫీసర్ ఎవరో అడిగి తెలుసుకోండి. బీఏ వాళ్ళకి రాదని అక్కడ కూడా అంటే నిబంధనల ప్రింటు మీ చేతిలో ఉండాలి.